తరుగు

మంగంపేట దాటి కోడూరు పోయే రోడ్డు మీద
మా పొడిమిల్లు.
గేటు పక్కన వేబ్రిడ్జి, దాని పక్కన నేను.
పద్దెనిమిదేండ్లుగా నా పని ఒకటే:
ఖాళీ బండి తూస్తా, లోడు బండి తూస్తా,
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తా.
మిగిలిందే సరుకు.

ముగ్గురాయి అంటారు దీన్ని.
చూసేదానికి పిడికెడు, ఎత్తితే మణికట్టు ఒంగుతాది.
ముగ్గుకు పోయేదెంత? చిటికెడు.
తక్కినదంతా బురదలో కలిపి
ఎడారిలో చమురుబావి గొంతులో పోస్తారంట,
కిందినుంచి ఎగదన్నేదాన్ని అణిచి పట్టను.
భూమి కోపాన్ని ఆపేంత బరువు
మా ఊరి కింద ఉండాది.

యుద్ధం జరిగినన్నాళ్ళూ బండ్లు ఆగలేదు.
రేయింబగళ్ళు మిల్లు తిరిగింది.
శంకర్రాజు కొత్త జీపు కొన్నాడు,
ఓవర్‌టైం డబ్బుతో పెంచలమ్మ చెవులకు కమ్మలొచ్చినాయి.
సంధి అన్నారు చూడు,
ఆ పొద్దునించి అన్నీ నిలబడిపోయినాయి.

టీ బంకు టీవీలో పొడుగాటి బల్ల.
ఆ కొసన వాళ్ళు, ఈ కొసన వీళ్ళు,
నడుమ నీళ్ళసీసాలు. ఎవరూ మూత తియ్యరు.
ఒక మంత్రి చెయ్యి చాపినాడు,
ఇంకొకాయన కోటు గుండీ సర్దుకున్నాడు.
ఆ గుండీకి
రేవులో పన్నెండు ఓడలు లంగరు దించినాయి,
బీమా కట్టేది లేదన్నారు కంపెనీలోళ్ళు.
చర్చలు ఫలించినాయని ఇద్దరూ చెప్పి
ఎవరి కాగితం వాళ్ళు మడిచి జేబులో పెట్టుకున్నారు.

నా కంటికి తూకమే కనపడతాది:
లోపలికి పోయినప్పుడెంతో
బయటికొచ్చినప్పుడూ అంతే.
లోడు సున్నా.
స్లిప్పు కొట్టమంటే కొడతా.

"యుద్ధం నిల్చిపోయిందంట గదప్పా,
మరి మన పని యాల నిల్చిపాయ?"
రాళ్ళేరే పెంచలమ్మ అడిగింది.
"వాళ్ళు కొట్టుకునేటప్పుడు కావల్సొచ్చినాము,
మాట్లాడుకునేటప్పుడు అడ్డమైనామా?"
నాకు తెలీదన్నా.
నిన్న కోడూరులో కమ్మలు కుదువ పెట్టింది.
అవెన్ని గ్రాములో షావుకారు తూచినాడు,
నేను కాదు.

గీత కాడ గొడవంట వాళ్ళకు,
ఏటికి ఇవతలా, అవతలా అని.
మాకూ ఒకనాడు జిల్లా గీత జరిపినారు,
మీరింక కడపోళ్ళు కాదు పొమ్మన్నారు.
రెండు దినాలు రోడ్డు మీద టైర్లు కాల్చినాం,
మూడో దినం అవే ఆరిపోయినాయి.
మధ్యవర్తులెవరూ రాలేదు మాకు.
స్లిప్పు మీద ఇప్పటికీ పాత జిల్లానే అచ్చవుతాది,
మార్చమని ఎవరూ అడగలే,
నేనూ మార్చలే.

ఖాజాపీరు చెల్లెలు కువైట్‌లో వంటపని.
వాయిస్ మెసేజ్ పెట్టిందని వినిపించినాడు:
"బాగుండానన్నా. ఇప్పుడు సప్పుడేం లేదు.
సప్పుడు లేదనే మా మేడమ్‌కు నిద్ర పట్టడంలేదు."

ఆ ఖాజాపీరు బండే
రాత్రి రెండు గంటలప్పుడు తిరిగొచ్చింది,
రేవు గేటు కాడ పంతొమ్మిది దినాలు నిలబడి,
లోడు దించకుండానే, రాపూరు ఘాటెక్కి.
తూచినా.
పోయినప్పటికంటే నూటా అరవై కిలోలు తక్కువ.
"డీజిల్ పోగానా?"
"డీజిల్ పోగానే."
బాడీ అడుగు పలక చీలిందంట.
మలుపు మలుపుకూ రాలుకుంటా వచ్చిందంట
బూడిదరంగు పొడి,
రోడ్డు నడిమధ్యన సన్నంగా, గీత మాదిరి.

టార్చి తీసుకోని గేటు బయటికి పోయినా.
నిజమే.
మా కాడినుంచి చీకట్లోకి పోతాండాది.
ఎవరూ సంతకం పెట్టింది కాదు.
ఒక కుక్క ఇవతల పండుకోనుండాది,
దాని తోక అవతల.

చూస్తాండంగానే
కోడూరు అరటిగెలల లారీ హారను కొట్టింది.
కుక్క లేచి పక్కకు పోయింది.
టైర్లు గీత మీదనే పోయినాయి.

లోపలికొచ్చి స్లిప్పు రాసినా.
తరుగు: నూటా అరవై.
కారణం అనే గడిలో
పెన్ను పెట్టి, కొంచేపుండి,
తీసేసినా.